గడపకు మెరుగు

నేలమీద పరిచిన గట్టి కలపను అరగదీసి కొత్త మెరుగు పెట్టడం చలిదేశాల గృహస్థులకు సెలవురోజుల పని. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికీ ఈ సరదా అంటుకుంది. అక్కడ హాలంతా ముప్పావు అంగుళం మందం ఓక్ చెక్క. డ్రమ్ శాండర్ అనే యంత్రాన్ని రోజు అద్దెకు తెచ్చి, అరక పట్టుకున్నట్టు దాని వెనక నడవాలి. ఫోన్ మోగిందని ఆగితే, ఆగినచోట నేల గుంటపడుతుంది.

సూర్యలంకలో అంత నడక అక్కర్లేదు. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో కింద ఇసుక, పైన ఉప్పుగాలి, మధ్యలో చెదలు. గచ్చో, బండలో, టైల్సో తప్ప చెక్క నేల ఊసే ఎవరూ ఎత్తరు. నేలను అంటిపెట్టుకుని ఉండే కలప ఇంటి మొత్తానికీ గడప ఒక్కటే. ఓక్ చెక్కను తొక్కడానికే వేస్తారు, గడపను తొక్కనివ్వరు. దానిమీద కూర్చోకూడదు, నిలబడి తుమ్మకూడదు. గడపమీద స్థిమితంగా కూర్చుని పని ముగించుకున్నది నరసింహస్వామి ఒక్కడే. ఆయన వచ్చిన పనీ వేరు.

తొక్కని చెక్క కూడా అరుగుతుంది. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానానికి వచ్చే జనంలో చుట్టాలూ ఉంటారు. ఎంత భక్తిగా గడప దాటినా వారి పాదాల ఇసుక అక్కడే రాలుతుంది. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. చెక్కకన్నా ఎన్నో రెట్లు గట్టిది. దానిమీదుగా బియ్యం బస్తా ఒక్కటి ఈడిస్తే చాలు, ఉచితంగా గరుకు పని మొదలైనట్టే. ఉప్పు చెమ్మను లాగుతుంది, మేకులు తుప్పుపడతాయి, వాటి చుట్టూ చెక్క నల్లబడుతుంది.

మాది టేకు గడప, దానికేం అనేవారు ఒక లెక్క చూడాలి. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని చెక్కలోకి సగందాకా దించడానికి ఎంత బలం కావాలో కొలిచే జాంకా పరీక్షలో ఎర్ర ఓక్‌కు 1290 పౌండ్లు, టేకుకు సుమారు 1070. టేకు గొప్పతనం గట్టిదనంలో కాదు, చెదను దగ్గరికి రానివ్వని దాని నూనెలో ఉంది. ఆ నూనే వార్నిష్‌నూ సరిగా పట్టనివ్వదు. అందుకే పూతకు ముందు థిన్నర్ గుడ్డతో తుడుస్తారు.

పనిలో మొదటి మెట్టు గీకుడు. వడ్రంగులు దీనికి పగిలిన గాజుపెంకు వాడతారు. పెంకు అంచున ముందు ఎండిన పసుపు, కుంకుమబొట్ల మరకలు, ముగ్గుపిండి లేస్తాయి. తర్వాత పసుపు ఎనామిల్, దానికింద ఎవరూ వేశామని ఒప్పుకోని ఆకుపచ్చ. ఆ తర్వాతే చెక్క. ఇక్కడ నవ్వులాట పనికిరాదు. పాత పసుపు ఎనామిల్‌కు ఆ రంగునిచ్చింది చాలావరకు సీసపు క్రోమేటే. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన పూతను పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు. తడిపి గీకాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.

తర్వాత ఉప్పుకాగితం: 80 నంబరు, 120, ఆపైన 220, అదీ చెక్క నార వెంటే. అడ్డంగా రుద్దిన గీతలు అప్పటికి కనబడవు, వార్నిష్ పడ్డాక అందరికీ కనబడతాయి. మేకుల బొక్కలకు లప్పం కన్నా రంపపుపొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్ద మేలు, రంగు కలుస్తుంది.

ఇక ఏ పూత వేయాలన్నది ఇంటిల్లిపాదీ తగువు. లక్కను స్పిరిట్‌లో కరిగించి రుద్దే పాలిష్ అందానికి సాటిలేనిది, కానీ నీళ్లు నిలిస్తే తెల్లబారుతుంది. వారం వారం కడిగే గడపకు అది నిలవదు. పెద్దవాళ్లు జీడినూనె అంటారు. వేటపాలెం జీడిపప్పు పక్కనే దొరుకుతుంది గనుక ఈ సలహాకు స్థానికాభిమానం తోడు. జీడిగింజ పెంకులోని ఆ నూనె నిజంగానే చెదను ఆపుతుంది, రంగులు, వార్నిష్‌ల తయారీకీ వాడతారు. చేతికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతాయి. నల్లటి గడప, తెల్లటి కట్టు కట్టిన గృహస్థు: చూసినవారు గడప గురించి అడగరు.

చివరికి గెలిచేది పాలియురేథేన్ వార్నిష్. పలచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య సన్నటి ఉప్పుకాగితం. పైపైన ఒక రోజులో ఆరినా, లోపల పూర్తిగా గట్టిపడటానికి వారాలు పట్టవచ్చు. సంప్రదాయం ఇచ్చే గడువు శుక్రవారం నుంచి శుక్రవారం దాకానే. శనివారం పొద్దున గీకుడు మొదలుపెట్టినవాడు గురువారం రాత్రి అత్తగారి చేతిలోని పసుపు గిన్నెతో రాజీ కుదుర్చుకోవాలి. నున్నటి వార్నిష్‌మీద పసుపు ముద్ద ఆరగానే పెచ్చులూడుతుంది. అప్పుడు తప్పు పసుపుది కాదు, వార్నిష్‌దే. బజార్లో ముగ్గుతో సహా అచ్చువేసిన పసుపు స్టిక్కర్లు దొరుకుతాయి. అవి అంటించాక కింద టేకు ఉందో తుమ్మ ఉందో దేవుడికి తప్ప తెలియదు.

లీటరు వార్నిష్ ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లకు వస్తుంది. గడప చదరపు మీటరులో సగం కూడా ఉండదు. మూత తీసిన డబ్బాలో మిగిలింది మీగడ కట్టేలోగా వాడెయ్యాలి కనుక పీట, దేవుడి మందిరం, కుర్చీ కోళ్లు, ఊతకర్ర వరసగా మెరుస్తాయి. ఊతకర్ర జారుతోందని తాతగారు ఫిర్యాదు చేసేసరికి డబ్బాలో ఇంకా సగం ఉంటుంది.