ఉగ్గుగిన్నె స్వగతము

వెండిదానను. బరువు ఆఱు తులములు. ఒకవైపు గుండ్రని పొట్ట, మఱియొకవైపు పిచ్చుకముక్కువలె సన్నగా సాగిన తొండము. ఇంతకుమించి నాకు రూపవైభవము లేదు. కృష్ణాతీరమున ఒక కరణముగారి కోడలికి నెలలు నిండుచుండగా, ఆమె పుట్టింటివారు పెట్టిన పాత మురుగులను కరగించి, పొట్టను సుత్తెతో సాగగొట్టి, తొండమును వేఱుగా చేసి అతికి, 1944వ సంవత్సరమున ఒక కంసాలి నన్ను లోకమునకు తెచ్చెను. ఆ అతుకు సంగతి మీరు మఱువవలదు. ఎనుబదియేండ్ల తరువాత దానివలననే నాకు పరాభవము కలిగినది.

ఫలానివారికి సంగీతము ఉగ్గుపాలతో అబ్బినదనియు, ఫలానివారు దేశభక్తిని ఉగ్గుపాలతో నేర్చిరనియు సభలలో చెప్పువారు పెక్కండ్రు గలరు గాని, ఆ ఉగ్గు పట్టిన గిన్నెను తలచినవారు నాకెన్నడును తారసపడలేదు. చనుబాలలో ఆముదము రంగరించి, ఒక్కొక్కప్పుడు వసకొమ్మును సానమీద అరగదీసి కలిపి, పసివాని నోట పోయుట నా ఉద్యోగము. అది గొప్ప ఉద్యోగమని చాలకాలము నమ్మితిని. ఆ నమ్మకముతో నేను చేసిన పాపములు రెండు కలవు. ముందు మొదటిది చెప్పెదను.

కోడలు ఆడపిల్లను కనెను. మూడు దినములు ఆమెకు పసుపుపచ్చని చిక్కని పాలు వచ్చినవి. లోకము వానిని ముర్రుపాలనును. శిశువును రోగములనుండి కాచు ద్రవ్యములు వానిలో దండిగా ఉండునట. పురిటిగదిలోని పెద్దలు మాత్రము అవి చెడ్డపాలని గోడవైపు తిరిగి పిండించి, నాచేత బిడ్డకు తేనెనీళ్లు పట్టించిరి. నేను పట్టితిని. ఏడవనాడు తల్లికి పురిటిజ్వరము తగిలినది; తొమ్మిదవనాడు ఆమె పోయినది.

ఆవుపాలు బిడ్డకు పడలేదు, విరేచనములు పట్టుకొన్నవి. అప్పుడు మంత్రసాని మెల్లగా ఒకమాట చెప్పెను. ఆ యింటి పాలేరు భార్యకు మూడునెలల కూతురు కలదు. పాలు సమృద్ధిగా ఉన్నవి. ఆనాటినుండి ఏడునెలలపాటు ప్రతిదినము పలుమార్లు దొడ్డిగుమ్మము వెలుపల నన్ను నేలపై పెట్టి, ఇంటి అత్తగారు నాలుగడుగులు వెనుకకు జరిగెడిది. పాలేరు భార్య వచ్చి గొంతుకూర్చుండి, నాలోనికి పాలు పిండి, మఱల దూరముగా పోయి నిలుచుండెడిది. అత్తగారు నామీద చెంబెడు నీళ్లు చిలకరించి లోపలికి తీసికొనిపోయెడిది. నా వెలుపలి భాగము శుద్ధమయ్యెడిది. లోపలి పాలమీద నీళ్లు చిలకరింపవలెనని ఎవరికిని తోచలేదు. అదేసమయమున ఆ తల్లి చంకనున్న కూతురు ఏడ్చుట నాకు వినబడెడిది. ఆమెకు దినమునకు తవ్వెడు బియ్యము ముట్టెడివి. వెలుపలినుండి చూచినవారు దీనిని దానమనవచ్చును, కూలి యనవచ్చును. ఆమె కాదనగలిగిన పనియా యని ఎవరును అడుగలేదు గనుక నేను ఏ పేరును పెట్టలేకున్నాను.

అదే యింటి వీధియరుగుమీద సాయంకాలము పురాణకాలక్షేపము జరిగెడిది. ఆఱుగురు కృత్తికలు చన్నిచ్చుటచేత కుమారస్వామి షాణ్మాతురుడాయెననియు, తండ్రి కుక్షినుండి పుట్టి తల్లిపాలు లేక ఏడ్చు మాంధాతకు దేవేంద్రుడే తన వ్రేలు చప్పరింపనిచ్చెననియు పౌరాణికుడు చెప్పుచుండగా కరణముగారు కన్నులు తుడుచుకొనెడివారు. అరుగునకును దొడ్డిగుమ్మమునకును నడుమ ఇల్లు చాల పొడవైనది.

బిడ్డ బ్రతికినది. పెరిగి, పెండ్లియై, నన్ను వెంటబెట్టుకొని అత్తవారింటికి వెడలినది. తనను పెంచిన పాలు ఎవరివో ఆమెకు ఎవరును చెప్పలేదు.

రెండవ పాపము 1966లో జరిగినది. ఆమె కొడుకునకు మూడవ నెలలో కడుపుబ్బరమై, ఇరుగుపొరుగు పెద్దలు పట్టుపట్టి ఆముదము పట్టించిరి. ఆ కాలపు పద్ధతి యెట్టిదనగా, బిడ్డను కాళ్లమీద వెల్లకిల పరుండబెట్టి, ముక్కు మూసి, ఊపిరికై వాడు నోరు తెఱచినప్పుడు పోయుట. నా తొండమునుండి జారిన నూనె గొంతుదారి తప్పి ఊపిరితిత్తులలోనికి పోయినది. బిడ్డ నీలముగా మాఱినాడు. పట్టణములో వైద్యుడు నెలదినములు చూచి బ్రతికించి, ఆ గిన్నెను ఇక తాకవలదని చెప్పెను. నేను ఇనుపపెట్టెలో కలరాఉండల నడుమ పట్టుచీరలక్రిందికి చేరితిని. అక్కడ ఏబదియెనిమిదేండ్లు గడచినవి. వానిని గూర్చి చెప్పదగినది ఏమియు లేదు.

2024 జూలై నెలాఖరున పెట్టె తెఱచుకొన్నది. అప్పటికి ఎనుబదియేండ్ల ముదుసలియైన నా యజమానురాలు నన్ను రుమాలులో చుట్టి, చేతిసంచిలో వేసికొని, హైదరాబాదు బస్సెక్కినది. ఆమె మనుమరాలికి ముప్పదివారములకే కాన్పు అయినది, ఆడపిల్ల, బరువు పన్నెండువందల గ్రాములు.

నగరములోని ఒక పెద్దాసుపత్రిలో పసిపిల్లల ప్రత్యేక విభాగము ముందఱ నేను చేతిసంచిలో ఉండి విన్న మాటలే నా పాండిత్యము. నెలలు నిండని కాన్పు, పైగా దిగులు, తల్లికి పాలు పడలేదు. యంత్రము పెట్టి తీసినను చుక్కలే వచ్చుచుండెను. ఆమె గోడవైపు తిరిగి ఏడ్చుచుండగా ప్రక్కమంచముమీది మహబూబునగరు స్త్రీ లేచివచ్చి, వేడినీళ్ల గుడ్డతో కాపడము పెట్టి, చేతితో పిండు విధము చూపి, “నాకు గూడ అయిదు దినాలు రాలేదక్కా” అనెను. ఆ యొక్కమాట ఎంత పని చేసినదో నేనెఱుగుదును. ఏలయనగా ఆ రాత్రియే ఆమె మొదటిసారి అన్నము తినెను.

అంతవఱకు పాప యేమి త్రాగినది? తల్లిపాల బ్యాంకునుండి వచ్చిన పాలు. రెండుగంటలకొకసారి రెండు మిల్లీలీటర్లు, సన్నని గొట్టముద్వారా. ముసలామె నర్సమ్మను ఆపి అడిగెను.

“ఎవరి పాలమ్మా ఇవి?”

“పేర్లు చెప్పం అమ్మమ్మగారూ. నంబరు ఉంటుంది. పరీక్షలన్నీ చేసిన పాలే.”

“అది కాదమ్మా... ఎవళ్లో, ఏవిటోనని.”

“పాపకి అరిగినయి అమ్మమ్మగారూ. పొట్ట మెత్తగా ఉంది, చూడండి.”

సంచిలో నా గతి ఏమైనదో ఊహింపుడు. ఆ ప్రశ్న అడిగిన నోటికే నేను ఏడునెలలు ఎవళ్లవో తెలియని పాలు పట్టితిని.

ఆగస్టు మొదటివారము తల్లిపాల వారోత్సవమట. వసారాలో ఒక డాక్టరమ్మ తల్లులను కూర్చుండబెట్టి చెప్పిన సంగతులు వినుడు. ఇట్టి తల్లిపాల నిధి లోకమున మొట్టమొదట 1909లో వియన్నా నగరమున వెలసినది. ఆసియాఖండమున మొదటిది ముంబయి సయాన్ ఆసుపత్రిలో 1989 నవంబరు 27న డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పూనికతో ఏర్పడినది. మన హైదరాబాదునందు, దాసి పురుటిలో మరణింపగా మనసు కలగిన నీలోఫర్ రాకుమారి సంకల్పముచేత 1953లో తెఱవబడిన నీలోఫర్ ఆసుపత్రియందును ‘ధాత్రి’ యను పేర ఒక నిధి కలదు. ధాత్రియనగా చన్నిచ్చి పెంచు ఉపమాత. భూమియు ఆ పేరిటిదే. ఉసిరికకును ఆ పేరు కలదు. పేరు పెట్టినవారెవరో గాని నిఘంటువు తెఱచిచూచినవారే.

పాలిచ్చు తల్లికి ముందు రక్తపరీక్ష జరుగును: హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సుఖవ్యాధి మొదలైనవి లేవని తేలవలెను. తన బిడ్డ కడుపునిండిన తరువాత మిగిలిన పాలనే తీసికొందురు. ఈ నియమము విన్నప్పుడు నాకు దొడ్డిగుమ్మమువద్ద చంకలో ఏడ్చిన పిల్ల జ్ఞప్తికి వచ్చినది. ఆ పాలను అఱువది రెండున్నర డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ముప్పది నిమిషములుంచి, వెంటనే చల్లార్చి, కొంత తీసి క్రిములున్నవేమో పరీక్షించి, సున్నకు ఇరువది డిగ్రీల దిగువన గడ్డకట్టించి దాచెదరు. నెలలు నిండని పిల్లల ప్రేగులు కుళ్లు మహావ్యాధినుండి పోతపాలకంటె ఈ పాలు మెఱుగుగా కాపాడును. అయినను కన్నతల్లి పాలు పడువఱకు ఇవి వంతెన మాత్రమే. ఇచ్చువారికి పైకము లేదు. తల్లిపాలను అమ్మి వ్యాపారము చేయరాదని కేంద్ర ఆహారభద్రతాసంస్థ ఆ 2024 మే నెలలోనే హెచ్చరించియున్నది. మంచిదే. కాని వెలకట్టరానిదని పొగడి, ఇచ్చినయామె తిన్నదో లేదో అడుగకపోవుట మన పూర్వాచారము. తెలంగాణమున 2015నుండి ఆరోగ్యలక్ష్మి పేర అంగన్‌వాడీలో గర్భిణులకును బాలింతలకును ఒకపూట నిండుభోజనము, గ్రుడ్డు, పాలు పెట్టుచున్నారు. నా దృష్టిలో పాలదానము మొదలగునది ఆ విస్తరివద్దనే.

మా ముసలామెయు ఊరకుండలేదు. బంధువులయింట పొయ్యిని ఎరవు తీసికొని మునగాకు వేసి తెలగపిండి కూర వండి దినమును మోసికొనివచ్చెను. పాప తండ్రి చొక్కా విప్పి బిడ్డను రొమ్మునకు హత్తుకొని గంటలకొలది కూర్చుండెను; కంగారుతల్లి పద్ధతియట, 1978లో కొలంబియా దేశపు బొగోటాలో పుట్టినది. చూచి మొదట ముసలామె నవ్వెను. తరువాత ఫోటో తీయించెను. తొమ్మిదవనాడు తల్లికి పాలు పడినవి.

పాపకు గొట్టము తీసి నోటితో పట్టు దినము వచ్చినది. ఇదే నా ముహూర్తమని ముసలామె నన్ను సంచినుండి తీసి చూపెను. నర్సమ్మ నన్ను వెలుతురులో త్రిప్పి చూచి, “అతుకు దగ్గర పాలు పేరుకుంటాయి అమ్మమ్మగారూ, ఇక్కడ పనికిరాదు. మా దగ్గరా ఇదే ఉంది, పాలాడై అంటాం” అని మరగించిన స్టీలు గిన్నె యొకటి తీసెను. నా పోలికే! అదే పొట్ట, అదే తొండము. అతుకు లేదు, అంతే. పాపను ఒడిలో నిలువుగా ఆనించి, క్రిందిపెదవి మూలను తొండము తాకించి, నాలుగుచుక్కలు వంచి, మ్రింగువఱకు ఆగి, మఱల వంచెను. ముక్కు మూయుట లేదు, తొందర లేదు. నాకు అసూయ కలిగినమాట నిజము. తీర్పు న్యాయమైనదన్నమాటయు నిజము.

నాలుగవవారమునకు ఆ తల్లికి పాలు పొంగివచ్చినవి. పరీక్షలు చేయించుకొని, పాప త్రాగగా మిగిలినవానిని సీసాలలో పట్టి బ్యాంకునకిచ్చెను. ఆ సీసాలమీద నంబరు వేయుచుండగా ముసలామె ప్రక్కన నిలుచుండి చూచెను. ఈసారి ఎవరికి పోవుచున్నవని అడుగలేదు.

ఇప్పుడు ఇంటివద్ద ఉన్నాను. వెండిపనివాడు నా అతుకును అరగదీసి నునుపుచేసినాడు; రాత్రిపూట తల్లి పిండిన పాలు పట్టుటకు నన్ను ఇరువది నిమిషములు మరగించుచున్నారు. మొన్న సిరంజితో కొలువగా నాలో ముప్పది మిల్లీలీటర్లు పట్టునని తేలినది. సీసాల లెక్క బ్యాంకు పుస్తకములో ఉన్నది. దొడ్డిగుమ్మమువద్ద ఏడునెలలు నన్ను నింపిన తల్లి పేరు మాత్రము నాకు తెలియదు. ఆ యింట ఆమెను ఎవరును పేరుపెట్టి పిలువగా నేను వినలేదు.