పెద్ద చెయ్యి

కిందటేడు శ్రావణంలో మా అన్నయ్యని చూసి తెనాలిలో చుట్టాలంతా మురిసిపోయారు. అక్కకి పట్టుచీర, నాకు చెవిదుద్దులు, మేనల్లుడికి కొత్త ఫోను. బావగారి కొట్టుకి అడక్కుండానే లక్ష. అమరావతి దగ్గర స్థలానికి అడ్వాన్సు. "మా తమ్ముడిది పెద్ద చెయ్యి" అని అక్క కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంది.

వదిన ఒక్కతే మురవలేదు. ఆమె చూపు గడియారం మీద ఉంది. అర్ధరాత్రి దాటాక ఎప్పటికో పడుకుని నాలుగింటికే లేస్తున్నాడు. అయినా అలుపు లేదు. మాట మీద మాట, ప్లాను మీద ప్లాను. ఎవరితో చెప్పినా "దిష్టి పెట్టకమ్మా" అన్నారు. చివరికి ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేసింది. తెలుగులోనే అంతా విని, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించమన్నారు.

బైపోలార్ డిజార్డర్ అని తేలింది. "ఇది మేనియా దశ. ఇందులో డబ్బు నీళ్ళలా పోతుంది. అది ఆయన గుణం కాదమ్మా, జబ్బు లక్షణం" అన్నారు డాక్టరు. లిథియం మొదలైంది. మధ్యమధ్య రక్తపరీక్షలు. ఉధృతి తగ్గాక దిగులు కమ్మింది. మంచం దిగలేని మనిషికి పొద్దుటినుంచీ లోన్ యాప్‌ల వాళ్ళ ఫోన్లు. వాయిదాల కోసం వదిన గాజులు తాకట్టుకి వెళ్ళాయి.

కుదుటపడ్డాక అన్నయ్యే కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. "బాగున్నప్పుడే రాసుకోవాలి. అది వచ్చాక నా మాట నేనే వినను" అన్నాడు. జీతం పడగానే వాయిదాలు, అద్దె, మందుల డబ్బు పక్కకి. యూపీఐకి వేరే చిన్న ఖాతా, అందులో వారం ఖర్చు మాత్రమే. క్రెడిట్ కార్డు పరిమితి బ్యాంకు యాప్‌లో బాగా తగ్గించాడు, ఆన్‌లైన్ వాడకం ఆపేశాడు. లోన్ యాప్‌లు తీసేశాడు. ఐదు వేలు దాటే ఏ ఖర్చయినా రెండు రాత్రులు కంటినిండా నిద్రపోయాకే, వదినతో మాట్లాడాకే. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే కార్డు వదినకి ఇచ్చేసి డాక్టరుకి ఫోన్ చేయాలి. అంతా రాసి, కింద సంతకం పెట్టాడు. పెట్టిన నియమం తప్పలేదు. నెలనెలా అప్పు తరుగుతోంది. గాజులు ఇంటికొచ్చాయి.

ఈ దసరాకి అందరం కలిశాం. బావగారు పాత లక్ష ఊసెత్తకుండా ఇంకో లక్ష అడిగారు. "ఇప్పుడు నా వల్ల కాదు బావగారూ" అన్నాడు అన్నయ్య, నెమ్మదిగానే. అక్కకీ నాకూ వదిన బొట్టు పెట్టి, పళ్ళూ జాకెట్టు గుడ్డా ఇచ్చింది.

ఆ రాత్రి అక్క వదినని వంటింట్లోకి పిలిచింది. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కిందటేడు శ్రావణంలో ఎంత బాగున్నాడు! ఎంత హుషారు, అందరి మీదా ఎంత ప్రేమ! ఇప్పుడేంటమ్మా ఇలా అయిపోయాడు? జబ్బు ముదిరినట్టుంది. ఆ డాక్టర్ని మార్చి చూడండి."

వదిన స్టవ్ కట్టేసి, అక్క వైపు తిరిగింది.

"అప్పుడు మీకు చీర పెట్టింది జబ్బు, వదినగారూ. ఇప్పుడు లేదంటున్నదే మీ తమ్ముడు."