ఆస్పత్రిలో చెయ్యి లేస్తే: పాటించకూడని సలహాలు

క్యాజువాలిటీలో సిస్టర్ మీదో, హౌస్ సర్జన్ మీదో చెయ్యి పడిందంటే, వాచిన చోట ఐస్ పెట్టేలోపే సలహాలు మొదలవుతాయి. తోటి సిస్టర్లు చెబుతారు, ఆర్‌ఎంఓ చెబుతారు, ఔట్‌పోస్టులోని కానిస్టేబుల్ చెబుతాడు, ఫోన్లో అమ్మ చెబుతుంది. అందరిదీ మంచి మనసే. కానీ ఆ సలహాల్లో ఎక్కువ భాగం తప్పు. వార్డుల్లో ఏళ్ల తరబడి వింటున్నాను కాబట్టి ఆ మాట గట్టిగానే అంటున్నాను. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు వీటిని ఇంజెక్షన్ చెయ్యడం నేర్చుకున్నట్టే పనిలో భాగంగా నేర్చేసుకుంటున్నారు. అందుకే ఇక్కడ ఒక్కొక్కటీ రాసి, ఎందుకు పాటించకూడదో చెబుతాను.

అన్నిటికంటే ముందు వినిపించేది: "పాపం, వాళ్లు దుఃఖంలో ఉన్నారు, వదిలెయ్యమ్మా."

దుఃఖం నిజమే. తండ్రి పోయిన కొడుకు గోడకు తల బాదుకోవడం, డాక్టరు కాలర్ పట్టుకుని "ఎందుకు బతికించలేదు" అని ఏడవడం మనందరం చూశాం. ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టడం మన వృత్తి ధర్మం. అయితే దాడుల్లో చాలావాటికి ఆ కొడుకు కారణం కాదు. ఫోన్లు వెళ్లాక బళ్ల మీద దిగిన గుంపు, మంచం మీద ఉన్నదెవరో కూడా తెలియనివాళ్లు, ముందు చెయ్యి ఎత్తుతారు. ఏటా లక్షల మంది ఆస్పత్రుల్లో అయినవాళ్లను పోగొట్టుకుని, ఎవరినీ కొట్టకుండా ఇంటికి వెళ్తున్నారు. దుఃఖం పేరుతో దెబ్బను మాఫీ చేస్తే వాళ్ల మర్యాదకు మనం విలువ ఇవ్వనట్టే. తోటి మనిషిగా జాలి పడండి, సంస్థగా ఫిర్యాదు రాయండి. రెండూ ఒకే రోజు చెయ్యొచ్చు.

"ఈ ఉద్యోగంలో ఇవన్నీ మామూలే, అలవాటు పడాలి" అనేది దీనికి తోడబుట్టిన సలహా. ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది తమ ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతమందికి జరుగుతున్నదంటే దాన్ని ఆపే ఏర్పాటు లేదని అర్థం. 2020 ఏప్రిల్ 1న హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఒక కోవిడ్ రోగి చనిపోతే డాక్టర్ల మీద దాడి జరిగింది. జూన్‌లో అదే ఆస్పత్రిలో మళ్లీ దాడి జరిగితే జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చున్నారు. ఈ రెండింటి మధ్య, ఏప్రిల్ 22న, కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చి, మూడు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు అని రాసింది. కఠినమైన శిక్ష కాగితం మీద ఉండగానే రెండో దాడి జరిగింది. చట్టం పుస్తకంలో ఉండటం ఒకటి, దాన్ని వార్డులోకి తీసుకురావడం ఒకటి. ఆ రెండో పని మన చేతిలో ఉంది.

అక్కడికే వస్తున్నాను. "స్టేషన్‌కెక్కితే కోర్టు చుట్టూ తిరగాలి, ఆస్పత్రి పేరు పోతుంది, లోపలే సర్దుకుందాం" అనే పెద్దల మాట ఎంతోమంది పిల్లల నోరు మూయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వైద్య సిబ్బందిపై హింసను నిషేధించే చట్టం వచ్చింది. దాడి చేసినవారికి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల రూపాయల దాకా జరిమానా. కేసు నాన్ బెయిలబుల్. పగలగొట్టిన పరికరానికి కొన్న ధరకు రెట్టింపు కట్టాలి. ప్రభుత్వ ఆస్పత్రికైనా, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కైనా ఇది వర్తిస్తుంది. ఇంత ఉండి కూడా ఫిర్యాదు భారాన్ని ఇరవై మూడేళ్ల సిస్టర్ నెత్తిన పెడతాం. ఆమె సొంత పేరుతో, ఇంటి అడ్రసుతో కాగితం రాసి ఒంటరిగా స్టేషన్ మెట్లు ఎక్కాలి. అలా ఎక్కమంటే ఎవరు ఎక్కుతారు? కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రిలో 2024 ఆగస్టు 9న డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగిన తర్వాత, ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్య శాఖ వైపు నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది: డ్యూటీలో ఉన్న సిబ్బందిపై హింస జరిగితే ఆరు గంటల్లోపు సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ నమోదు చేయించే బాధ్యత ఆ సంస్థ అధిపతిదే. ఆ ఉత్తర్వు తమకు నేరుగా వచ్చిందా లేదా అని వెతుక్కునే సూపరింటెండెంట్లకు నా విన్నపం ఒక్కటే. ఆ ఆరు గంటలను మీరే మీ ఆస్పత్రి నియమంగా రాసుకోండి. దాన్ని ఎవరూ కాదనరు. ఫిర్యాదు మీద మీ సంతకం ఉంటే ఆ పిల్ల రేపు డ్యూటీకి ధైర్యంగా వస్తుంది.

"ముందు మొహం కడుక్కో, కోటు మార్చుకో, డ్యూటీ పూర్తి చేసుకుని వెళ్లు." ఇది ఎంత ప్రేమగా చెబుతారో అంత నష్టం చేస్తుంది. రోడ్డు మీద కొట్టుకుని వచ్చినవాడికి మనమే ఎంఎల్‌సీ రాస్తాం, గాయం ఎన్ని సెంటీమీటర్లో స్కేలు పెట్టి కొలుస్తాం, వూండ్ సర్టిఫికెట్ ఇస్తాం. మన బుగ్గ వాస్తే మాత్రం పారాసెటమాల్ మింగి మందుల ట్రాలీ తోస్తాం. కోర్టులో నిలబడేది ఆ సర్టిఫికెట్టే. మూడు రోజుల తర్వాత కమిలిన మచ్చ మాయమవుతుంది, దానితో కేసూ బలహీనపడుతుంది.

అందుకని దెబ్బ తగిలిన గంటలోనే మీ పేరు ఎంఎల్‌సీ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. పరీక్షించి రాసేది మరో డాక్టరై ఉండాలి. చిరిగిన కోటు, విరిగిన కళ్లజోడు పారెయ్యకండి, కాగితం కవర్లో పెట్టి తేదీ వెయ్యండి. గాయాన్ని ఫోటో తీయించుకోండి. తర్వాత ఓ పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాయండి: ఎన్ని గంటలకు, ఏ బెడ్ దగ్గర, ఎవరు, ఏ చేత్తో, ఏమని తిడుతూ కొట్టారు. "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే దేనికీ పనికిరాదు. వాళ్లన్న మాటే, బూతైనా సరే, అక్షరం మార్చకుండా రాయండి. సిగ్గుపడాల్సింది అన్నవాళ్లు. చూసినవాళ్ల పేర్లు రాయండి, ఆయమ్మ, సెక్యూరిటీ గార్డుతో సహా. సీసీ కెమెరా దృశ్యాలు కొన్ని రోజులకు వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి, వాటిని భద్రపరచమని ఆ రోజే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా అడిగితే కెమెరా ఆ రోజు పనిచెయ్యలేదనే జవాబు రావచ్చు.

"తిట్లే కదా, కొట్టలేదుగా" అంటారు. 2008 చట్టం హింస అన్న మాటలోకి బెదిరించడాన్ని, విధులకు అడ్డుపడటాన్ని కూడా చేర్చింది. "బయటికి రా, నీ సంగతి చూస్తా" అన్నవాడు చట్టం ప్రకారం హింస చేసినట్టే.

ఇక రాజీ సంగతి. సాయంత్రానికి ఏదో ఒక నాయకుడి నుంచి ఫోన్ వస్తుంది. "మనవాళ్లే, సారీ చెప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టమ్మా" అంటారు. ఔట్‌పోస్టులో "స్టేషన్‌కు వెళ్లండి", స్టేషన్లో "ఇది మా పరిధి కాదు" అని తిప్పుతూ ఆలోపు రాజీ కుదిరేదాకా కాలక్షేపం చేస్తారు. ఇక్కడ చట్టం తెలిసి ఉండటమే మీ బలం. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం గురించి సమాచారం ఇస్తే ఎఫ్ఐఆర్ రాయడం తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో పంపి మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టొచ్చు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. క్షమాపణ చెబితే వినండి, మనస్ఫూర్తిగా క్షమించండి కూడా. ఆ సంగతి కోర్టుకు చెప్పుకోవచ్చు. ఫిర్యాదు రాయకుండా ఉండటానికి మాత్రం అది కారణం కాకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇంకొకటుంది. "చెయ్యి వేసింది మన స్టాఫే కదా, మన సారే కదా, బయటికి పొక్కితే నీ పెళ్లికే ఇబ్బంది." ముంబై కేఈఎం ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ పేరు చాలామందికి 2011లో వచ్చిన కారుణ్య మరణం తీర్పుతోనే గుర్తు. 1973 నవంబర్ 27న ఆమె మీద దాడి చేసింది ఆ ఆస్పత్రిలోనే పనిచేసే వార్డు ఉద్యోగి. ఆమె దాదాపు 42 ఏళ్లు అదే ఆస్పత్రి మంచం మీద, తోటి నర్సుల సేవలో ఉండి, 2015 మే 18న కన్నుమూసింది. అతని మీద నడిచింది హత్యాయత్నం, దోపిడీ కేసు. లైంగిక దాడి అభియోగం పెట్టనే లేదు. ఏడేళ్ల శిక్షతో బయటపడ్డాడు. కాగితం మీదికి ఎక్కని నేరానికి శిక్ష ఉండదని నర్సులందరం ఈ కేసు నుంచి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. పది మంది కూడా లేని క్లినిక్ అయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. వేధించింది పేషెంట్ తాలూకు మనిషైనా సిబ్బందికి రక్షణ కల్పించి చర్య మొదలుపెట్టాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. మీ ఆస్పత్రి కమిటీలో ఎవరున్నారో ఈ రోజే కనుక్కోండి. అవసరం పడిన రోజు వెతుక్కోవడం కష్టం.

యాజమాన్యాలకు ఇష్టమైన సలహా: "బౌన్సర్లను పెడితే చాలు." గేటు దగ్గర మనిషి ఉండాల్సిందే, పేషెంటుకు ఒక్క అటెండెంట్ పాసే ఇవ్వాల్సిందే. కానీ గొడవలు పుట్టేది గేటు దగ్గర కాదు. చావు కబురు చెప్పిన తీరులోంచి, బిల్లు కౌంటర్లోంచి, "ఎవరూ ఏమీ చెప్పట్లేదు" అనే ఎదురుచూపులోంచి పుడతాయి. ఆ కబురును వరండాలో నిలబెట్టి హౌస్ సర్జన్ చేత చెప్పించకండి. సీనియర్ డాక్టరు, గదిలో, దగ్గరి బంధువులిద్దరిని కూర్చోబెట్టి చెప్పాలి. పరిస్థితి విషమిస్తున్నప్పుడే గంటగంటకూ చెబుతూ ఉంటే చివరి మాట పిడుగులా పడదు. బిల్లు కోసం శవాన్ని ఆపే హక్కు ఆస్పత్రికి లేదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. కేస్ షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల్లోనే ఉంది. ఈ రెండూ పాటిస్తే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

గొంతులు లేస్తున్నప్పుడు, "ఇంకా మనవాళ్లను రమ్మను" అని ఫోన్లు వెళ్తున్నప్పుడు చూస్తూ కూర్చోకండి. ఆర్‌ఎంఓకు, 112కు ఫోన్ అప్పుడే వెళ్లాలి. దెబ్బ పడ్డాక చేసే ఫోన్ ఆలస్యమైన ఫోనే. తలుపు వైపు మీరుండేలా నిలబడండి, ఒంటరిగా ఎదురు మాట్లాడకండి, కోపం మీ మీద ఉంటే డ్యూటీని మరొకరికి అప్పగించి పక్కకు వెళ్లండి. పారిపోయావని అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

మీ ఆస్పత్రిలో దాడుల రిజిస్టర్ లేకపోతే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఈ రాత్రి డ్యూటీ నుంచే మొదలుపెట్టండి. తేదీ, సమయం, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎవరికి చెప్పారు: ఆరు గళ్లు గీస్తే సరిపోతుంది. తిట్టు నుంచి దెబ్బ దాకా అన్నీ రాయండి. సూపరింటెండెంట్ గారూ, నెలకోసారి ఆ పుస్తకం తెప్పించుకుని చదివి, ఏ వార్డులో ఏ వేళ ఎక్కువ జరుగుతున్నాయో చూసి, అక్కడికి మనిషిని పంపి, కింద సంతకం పెట్టండి.