జిల్లా మొత్తం పడుకుంటేనే లెక్క

నిడదవోలులో ఫోన్లు మూగబోతే అది వార్త కాదు. ఆ మాటకొస్తే, లెక్క ప్రకారం అసలు జరగనే లేదు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల్లో కొలబద్ద జిల్లా. జిల్లా అంతటా సేవ ఆగి 4 గంటలు దాటితేనే కంపెనీ ట్రాయ్‌కి నివేదించాలి. 24 గంటలు దాటితేనే చందాదారుకు పరిహారం. ఒక్క ఊరు పడుకుంటే అది కునుకు! కాబట్టి మన కష్టానికి గుర్తింపు కావాలంటే మన జిల్లాలోనే ఉన్న కొవ్వూరునీ, అనపర్తినీ, రాజమహేంద్రవరాన్నీ బతిమాలి వాళ్ల ఫోన్లూ ఆపించాలి. 2022లో నిడదవోలు జిల్లా మారకపోయుంటే ఏలూరు, భీమవరాల కాళ్లు పట్టుకోవాల్సొచ్చేది.

పాపం, యంత్రాల తప్పేం లేదు. టవరు కింది పెట్టెకున్న నోరు మనకు లేదు. కరెంటు పోతే అరుస్తుంది, బ్యాటరీ తగ్గితే అరుస్తుంది, గది వేడెక్కినా ఎవరో తలుపు తీసినా అరుస్తుంది. ఆ అరుపులకు అంతర్జాతీయ టెలికం సంఘం 1992లోనే ఎక్స్.733 పేరుతో వరస కట్టింది: క్రిటికల్, మేజర్, మైనర్, వార్నింగ్, తీవ్రత తేలనిది, తొలగిపోయింది. రోడ్డు పనిలో జేసీబీ ఒక్క ఫైబర్ తెంపితే దాని వెనకున్న టవర్లన్నీ ఒక్కసారే గోల పెడతాయి. తెగిన చోటు ఆ గోలలో మునుగుతుంది. దూరాన కంట్రోల్ రూమ్‌లో రాత్రి డ్యూటీ మనిషి ‘అక్నాలెడ్జ్’ నొక్కుతాడు. తీగ అతుక్కోదు, కూత ఆగుతుంది. అర్జీ మీద మండలాఫీసు కొట్టే ముద్ర కూడా ఇంతే కదా!

ఇక ఈ యంత్రాల మీద అధికారాల అంచెలు. చూసేవాడు, నడిపేవాడు, మార్చేవాడు, అందరి పైన అడ్మిన్. ఎండలో బండేసుకుని టవరు దగ్గరికొచ్చే కుర్రాడికి దక్కేది మొదటి అంచె. ఎర్రలైటును కళ్లారా చూడొచ్చు, పెట్టెలోని కార్డు రీసెట్ చేయకూడదు. “సార్, రీసెట్ కొట్టమంటారా?” అని పైవాళ్లను అడగాలి. ఏ ఫోన్లో అడగాలి? చచ్చిందే ఆ టవరు!

నవ్వకండి, ఇది కెనడాలో జరిగిపోయింది. 2022 జూలై 8న రోజర్స్ టెలికం కంపెనీ నెట్‌వర్క్‌లో ఒక మార్పు తేడాకొట్టి కోటీ ఇరవై లక్షల మందికి పైగా సేవలు ఆగాయి. ఆ పని ప్రమాద స్థాయిని ముందే ‘ఎక్కువ’ నుంచి ‘తక్కువ’కు దించేసుకున్నారు. పరికరాలను సరిచేసే దారి కూడా చచ్చిన నెట్‌వర్క్ మీదుగానే వెళ్తుండటంతో, ఇంజనీర్లు లోపలికి పోలేక పోటీ కంపెనీల సిమ్ములు తెప్పించుకుని మాట్లాడుకున్నారు.

అంచెలు వద్దనడం లేదు. ఒక్క తప్పు కమాండు ఎంత ముంచుతుందో రోజర్సే సాక్షి. కానీ టవరు కుర్రాడికి సొంత పేరుతో లాగిన్, తన టవరు వరకు రీసెట్ హక్కు, చేసిన పనికి చెరగని నమోదు ఇస్తే మునిగేదేమిటి? సరిచేసే దారి వేరే తీగ మీద పెడితే, అంతరాయాన్ని ఊరి లెక్కన ప్రకటిస్తే నష్టపోయేదెవరు?

ఇవేవీ కుదరవంటారా? అయితే కంట్రోల్ రూమ్‌ను తెచ్చి నిడదవోలులో పెట్టండి. పెద్ద సార్ల ఫోన్లకు ఇక్కడి టవరు సిగ్నలే ఇవ్వండి. మైనర్ అలారం క్రిటికల్‌గా మారడానికి ఎంతసేపు పడుతుందో అప్పుడు చూద్దాం.