విధవరాలి ఇంటికి టికెట్ లేదు

వేసవి వచ్చిందంటే అమెరికా విమానాశ్రయాల్లో ఒకే రంగు టీషర్టులేసుకున్న యవ్వనస్థులు గుంపులుగా కనిపిస్తారు. వీపు మీద వాక్యం, గుండె మీద ఏదో పేద దేశం పటం. ఎక్కడికి నాయనా అంటే మిషన్ ట్రిప్ అంటారు. ఎన్నాళ్లంటే వారం, మహా అయితే పది రోజులు. పనేమిటంటే అనాథల సేవ.

టికెట్ ఊరికే రాలేదు పాపం. మేనత్తలకూ సంఘ పెద్దలకూ ఉత్తరాలు రాశారు, చర్చి ఆవరణలో కార్లు కడిగారు, కేకులు చేసి అమ్మారు. తలకి రెండు వేల డాలర్లో మూడు వేలో పోగేశారు. అందులో సింహభాగం విమాన కంపెనీకి కానుక. మిగిలినదాంతో సబ్బు బుడగల సీసాలు, ముఖానికి పూసే రంగులు, అనాథాశ్రమం గోడకి పెయింటు. ఆ గోడది వింత జాతకం. పోయిన నెల బృందం పసుపు వేసి వెళ్లింది, వీళ్లు నీలం వేస్తారు, వచ్చే నెల వాళ్లకి ఇంకా రంగు తేలలేదు. ఊళ్లో పెయింటర్ మాత్రం పనిలేక ఆ గోడ నీడనే కూర్చుంటాడు.

పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లోకి ఎగబాకుతారు. ఎంత ప్రేమో అనుకుంటూ ఫోటో. పిల్లల మనసు చదివినవాళ్లు దాన్ని ప్రేమ అనరు. నెలకో కొత్త అక్క వచ్చి, ముద్దుచేసి, మాయమైపోయేచోట పెరిగినందువల్ల తగిలిన దెబ్బ అంటారు. ఆ మాట ఫోటో కింద రాస్తే లైకులు రావు.

ఈ యాత్రలకు ఆధారం యాకోబు పత్రిక మొదటి అధ్యాయం. కష్టంలో ఉన్న అనాథలనూ విధవరాండ్రనూ పరామర్శించడమే అసలైన భక్తి అని అక్కడి భావం. యాకోబు ఇద్దరినీ కలిపే చెప్పాడు. టీషర్టు మీదికొచ్చేసరికి ఒకరికే చోటు దొరికింది. విధవరాండ్ర కోసం మిషన్ ట్రిప్ వేసినట్టు ఎక్కడైనా విన్నారా? ఆవిడ బుగ్గ మీద సీతాకోకచిలుక గీయడం కుదరదు. ఎత్తుకుని ఫోటో దిగడానికీ వీల్లేదు. పైగా ఇంటద్దె ఎన్ని నెలలు బాకీ ఉందో చెప్తుంది.

చిక్కేమిటంటే, ఆశ్రమంలో ఉన్న పిల్లాడి తల్లి చాలాసార్లు ఆవిడే. ఉదాహరణకు హైతీలో బళ్లు ఎక్కువభాగం ప్రైవేటువే, ఫీజు కట్టందే లోపలికి రానివ్వరు. ఆశ్రమంలో వేస్తే తిండీ చదువూ దొరుకుతాయని అమ్మే తెచ్చి అప్పజెబుతుంది. అక్కడి ఆశ్రమాల పిల్లల్లో నూటికి 80 మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్ పెట్టిన లూమోస్ సంస్థ అంచనా. కంబోడియాలో 2005-2010 మధ్య ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని యునిసెఫ్ చెప్పింది. ఆ అయిదేళ్లలో అక్కడ యుద్ధం రాలేదు. పెరిగింది పర్యాటకులు, దాతలు. కొనేవాడుంటే సరుకు ఎక్కడినుంచైనా వస్తుంది. అందుకే ఆస్ట్రేలియా ఇలా పిల్లల్ని ఆశ్రమాలకు తరలించడాన్ని 2018లో ఆధునిక బానిసత్వం ఖాతాలో వేసింది.

హైతీ భూకంపం జరిగిన నెలలోపే, 2010 జనవరిలో, 10 మంది అమెరికా బాప్టిస్టులు 33 మంది 'అనాథల్ని' సరైన కాగితాల్లేకుండా సరిహద్దు దాటించబోయి దొరికిపోయారు. ఆరా తీస్తే ఆ 'అనాథల్లో' చాలామందికి అమ్మానాన్నలు తేలారు. ఉన్నవాళ్లని లేనట్టు చేయడం కూడా ఒక అద్భుతమే అనుకోవాలి.

మిషనరీలంతా ఇంతేనా అంటే, కాదు. మన ఒంగోలు క్లౌ దొరనే చూడండి. ఆయన ఇచ్చిన బాప్తిస్మాల లెక్క మీద ఎవరి వాదన వాళ్లకుండొచ్చు. కానీ 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు పట్టి, ఆకలితో మాడుతున్నవాళ్లకి పని ఇప్పించాడు. కూలి డబ్బు పెద్దవాళ్ల చేతికే అందింది. పైగా ఆయన తెలుగు నేర్చుకుని దశాబ్దాలు ఇక్కడే ఉండిపోయాడు. పది రోజుల రిటర్న్ టికెట్ మీద వచ్చిన మనిషి కాదు.

ఏ చర్చివాళ్లకైనా ధైర్యముంటే వచ్చే వేసవికి నోటీసు బోర్డు మీద ఇలా రాయొచ్చు: 'విధవరాండ్ర మిషన్ ట్రిప్. ప్రయాణం లేదు. టీషర్టు లేదు. కార్లు కడగ్గా వచ్చిన డబ్బంతా తల్లుల ఇంటద్దెకీ పిల్లల బడి ఫీజుకీ పోతుంది. ఫోటోలు పంపబడవు.' సాయంత్రానికల్లా పాస్టరుగారికి మొదటి ఫోను వస్తుంది: "అయ్యగారూ, అంతా బాగానే ఉంది గానీ, మరి మావాడు కాలేజీ అప్లికేషన్లో ఏం రాసుకోవాలి?"