నలుగురికీ నమస్కారం

అయ్యా నలుగురూ! మీరెవరో, ఎక్కడుంటారో ఇంతవరకూ కనిపెట్టినవారు లేరు. అయినా గోడల రంగు నుంచి కూతురి పెళ్లి వయసు దాకా మా ఇంట్లో మీరు ఖాయం చేయని సంగతి లేదు. కనబడని దేవుడికైనా ఏడాదికోసారే మొక్కు. మీకు మాత్రం నిత్యపూజ.

మీ దయ లేకపోతే పదో తరగతి అవగానే పిల్లలకు ఏది ఇష్టమో అడగాల్సి వచ్చేది. ఎంపీసీ, కాదంటే బైపీసీ అని తేల్చేసి ఆ శ్రమ తప్పించారు. చరిత్ర చదువుతానన్న పిల్లను మీరు పల్లెత్తు మాటనలేదు. "అయ్యో, మార్కులు తక్కువొచ్చాయా తల్లీ?" అని జాలిపడ్డారంతే. పిల్ల దారికొచ్చింది. పోలీసులకు ఈ విద్య పట్టుబడితే లాఠీలు అమ్మేసుకోవచ్చు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు మీ సేవ మరువరానిది. 1856లోనే చట్టం ఒప్పుకుందట. చట్టం ఒప్పుకుంటే సరా, మీరు ఒప్పుకోవద్దూ? ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను వెలి వేశారు. ప్రాయశ్చిత్తం చేసుకున్నవాళ్లకే మళ్లీ పంక్తిలో విస్తరి వేశారు. ఇప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహానికి దండ వేసేదీ మీరే. మీకెవరిమీదా శాశ్వతమైన కోపం ఉండదు. మనిషి కాస్త చనిపోవాలి, అంతే.

1950ల్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే ప్రొఫెసరు మీ శక్తిని గీతలతో కొలిచాడు. గదిలో అందరూ కూడబలుక్కుని పొట్టి గీతను పొడుగంటే, సంగతి తెలియని విద్యార్థుల్లో నూటికి డెబ్బయి అయిదుగురు ఒక్కసారైనా ఔనన్నారు. ఇందుకు ముగ్గురు సరిపోతారని కూడా తేల్చాడు. మాకు నలుగురున్నారు, ఒకరు సెలవు పెట్టినా పని ఆగదు! అయితే పక్కన ఒక్కడు ఉన్నదున్నట్టు చెబితే చాలు, ఆ విద్యార్థికీ ధైర్యం వచ్చేసేది. ఆ ఒక్కణ్ని ముందే పసిగట్టి "తిక్కమనిషి" అని పేరు పెట్టే మీ ముందుచూపు ఏ ప్రొఫెసరుకుంది?

ఈ మధ్య మీరు మరీ ఉదారులయ్యారు. "నీకు నచ్చినట్టు ఉండు" అనేదీ మీరేనట. పిల్లలంతా సంతోషంగా ఒకే పద్ధతిలో ప్రత్యేకంగా తయారవుతున్నారు. మా పక్కింటి అబ్బాయి ప్రీ వెడ్డింగ్ షూట్ చాలా డిఫరెంటుట. ఎదురింటివాళ్లు పోయినేడాది తీయించుకున్న చోటే, ఆ డ్రోనుతోనే, ఆ పొగలోనే. పెళ్లికి తప్పకుండా దయచేయండి. మీరు రాకపోతే డిఫరెంటుగా ఉందని చెప్పేదెవరు?