దేవుడున్న గుడీ, పులి ఉన్న అడవీ

శుక్రవారం సాయంత్రమయ్యేసరికి సూరత్ దగ్గరి ఇచ్ఛాపూర్‌లో మన తెలుగు వాట్సాప్ గ్రూపులకు పూనకం వస్తుంది. వారమంతా హజీరా ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసిన ఇంజనీర్లకు ఉన్నట్టుండి ప్రాచీన భారతం మీద బెంగ పుట్టుకొస్తుంది. శనివారం తెల్లారకముందే బయల్దేరి, వడోదర మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు వెళ్ళి చాంపానేర్ శిథిలాలు, పావగఢ్ కొండ, ఆ చేత్తోనే జంబూఘోడా అభయారణ్యం చూసేసి, ఆదివారం రాత్రికల్లా ఇంట్లో ఉండాలి. వెయ్యేళ్ళ చరిత్ర, 130 చదరపు కిలోమీటర్ల అడవి, ఇంటి నుంచి కట్టుకెళ్ళిన పులిహోర. మూడింట్లో పూర్తిగా ఖర్చయ్యేది పులిహోర ఒక్కటే.

చాంపానేర్ సంగతి కారులోంచే తేలిపోతుంది. 1484లో గుజరాత్ సుల్తాన్ మహమూద్ బేగడా పావగఢ్ కోట పట్టుకుని, కొండ కింద రాజధాని కట్టుకున్నాడు. 1535లో హుమాయూన్ వచ్చి కొల్లగొట్టాక ఊరు పాడుబడింది. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కించింది. మనవాళ్ళు మాత్రం అద్దం దించి, "అన్నీ మసీదులేనట, పోనియ్ బావా" అని అద్దం ఎత్తేస్తారు. ఆ మసీదుల స్తంభాల మీది చెక్కడం గుడి పనివాళ్ళ పనితనమేనని చెబుదామన్నా, కారు అప్పటికే రోప్‌వే పార్కింగులో ఉంటుంది.

అసలు తమాషా కొండ మీద. రోప్‌వే దిగిన మౌలియా మైదానంలో, చెరువుగట్టున ఒక గుడి ఉంది. లకులీశ ఆలయం, పది పదకొండు శతాబ్దాల నాటిది. ఆ కొండ మీద మిగిలిన కట్టడాల్లోకెల్లా పాతది. పాశుపత శైవానికి ఆద్యుడిగా చెప్పే ఆ దుడ్డుకర్ర దేవుడు మనకు కొత్తవాడేం కాదు, మన అలంపురంలోనూ ఉన్నాడు. గోడల మీద దక్షిణామూర్తి, బ్రహ్మ, విష్ణువు, గజేంద్ర మోక్షం. పోతన పద్యాలు పిల్లల చేత ఒప్పజెప్పించి వీడియోలు తీసే జాతి మనది. రాతిలో అదే ఏనుగు వెయ్యేళ్ళుగా మొర పెట్టుకుంటుంటే, దాని పక్క అంచు మీద చిప్స్ పాకెట్ పెట్టి, "వదినా, ఇందులో దేవుడున్నాడా?" అంటారు.

"లేడట. పాడుబడిందట."

"అయితే చెప్పులు విప్పక్కర్లేదు. ఒక ఫొటో తియ్యి చాలు."

గ్రూపులో ఒక మేధావి ఎప్పుడూ ఉంటాడు. "ఇది ఐదు వేల ఏళ్ళ నాటిది, నాసా వాళ్ళే నోరెళ్ళబెట్టారు" అంటాడు. పక్కనే పురావస్తు శాఖ బోర్డు ఉంటుంది. దాని మీద అతని మోచెయ్యి ఉంటుంది.

శిఖరాన ఉన్న కాళికామాతను చూసేందుకు మెట్లెక్కేవాళ్ళతో నాకు పేచీ లేదు. చంటిపిల్లను చంకనేసుకుని కాలినడకన వచ్చే పల్లెటూరి గుజరాతీ ఇల్లాలు దర్శనానికి వచ్చానంటుంది, దర్శనం చేసుకుని పోతుంది. హెరిటేజ్ ట్రిప్ అని స్టేటస్ పెట్టదు. మనవాళ్ళూ ఆ ముక్కే చెప్పి వెళ్తే ఎవరు కాదన్నారు? మొక్కు తీర్చుకొచ్చి, చరిత్ర చదివొచ్చినట్టు ఫోజెందుకు?

ఇక అడవి. జంబూఘోడాలో పులుల్లేవు. చిరుతలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి. ఎలుగు వేసవిలో ఇప్పపూల కోసం, తక్కిన రోజుల్లో చెదపుట్టల కోసం ఎక్కువగా చీకట్లో తిరుగుతుంది. మనవాళ్ళు మిట్టమధ్యాహ్నం టేకుచెట్ల కింద కారాపి, నాలుగు తలుపులూ బార్లా తీసి, డీజే పాట పెట్టి చిరుత కోసం ఎదురుచూస్తారు. అది రాదు. కొండముచ్చులొస్తాయి. వాటికి కుర్‌కురే పెట్టి, సంచీ లాక్కుపోతే "ఇక్కడి కోతులకు బొత్తిగా మర్యాద లేదు" అని తిట్టుకుంటారు. ఆఖరికి అడవి లోపలి ఝండ్ హనుమంతుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాకగానీ టికెట్ డబ్బులు గిట్టుబాటైనట్టు అనిపించదు.

ఆదివారం రాత్రి స్టేటస్: "చాంపానేర్, జంబూఘోడా డన్!" కింద నలభై దణ్ణాల బొమ్మలు. సోమవారం ఉదయానికే కొత్త ప్రతిపాదన: వచ్చే వారం సోమనాథ్, గిర్. అక్కడ దేవుడు గ్యారంటీ, సింహమూ గ్యారంటీయేనట. ఇది జూలై నెల, గిర్‌లో జూన్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా సఫారీ మూసేస్తారు బాబూ అని రాశాను.

"మనకు తెలిసినవాళ్ళున్నారు లెండి అన్నయ్యా, మాట్లాడదాం" అని జవాబొచ్చింది.